రాయడానికి భయపడిన రోజులు

కడపలో ఒక అచ్చాఫీసులో, అది నడిపే వారపత్రికలో నా బతుకు చాలా మటుకు గడిచిపోయింది. మొదట ప్రూఫులు దిద్దినాను. తర్వాత పెండ్లి పద్యాలు రాసినాను. ఆ తర్వాత వార్తలు, వ్యాసాలు. ఇప్పుడు కండ్లు సరిగా ఆనక మానుకొన్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, ఏ పదవి ఎప్పుడిచ్చినారు అనే సంగతులు చదివేవాళ్లకు పనికిరావు. నాకూ సరిగా జ్ఞాపకం లేవు.

ఈ పనిలోకి రావాలనుకొనేవాళ్లు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ఛందస్సు ఎట్లా పట్టుబడుతుంది, ఏ పత్రికకు పంపితే వేసుకొంటారు అని మొదలుపెడతారు. కాసేపు కూర్చున్నాక అసలు మాట బయటికి వస్తుంది. "రాసింది ఎవరికైనా చూపించాలంటే భయమండీ" అంటారు. వైద్యుడి దగ్గర ఏదో చెప్పుకోరాని జబ్బు చెప్పుకొన్నట్టు తల వంచుకొని అంటారు. ఆ జబ్బుతో నేను చాలా ఏండ్లు కాపురం చేసినాను. దాని గురించి నాకు తెలిసింది రాస్తాను. మందు ఉందని మాత్రం చెప్పను.

రెండు తెలుగులు

మాది రాజంపేట దగ్గర ఒక నేతగాళ్ల ఊరు. ఇంట్లో రెండు మగ్గాలు ఆడేవి. మా నాయనకూ అమ్మకూ అక్షరం రాదు. వాళ్ల నాయనలకూ రాదు. నూలు షావుకారు ఇచ్చే చీటీ చదివేవాడు ఇంట్లో ఒకడుంటే మేలని మా మేనమామ నన్ను బడిలో వేసినాడు. నేను చదువులో ముందుకు పోయేకొద్దీ ఇంట్లోవాళ్లకు సంతోషంగానే ఉండేది గానీ, నేను ఏం చదువుతున్నానో అడిగేవాళ్లు ఎవరూ లేరు. ఏమని అడుగుతారు?

కడప హైస్కూల్లో ఉన్నప్పుడు మా తెలుగు పంతులుగారు, మీ ఇంటి గురించి వ్యాసం రాసుకొని రమ్మన్నాడు. నేను మగ్గం గుంత గురించి రాసినాను. గుంతలో కాళ్లు పెట్టుకొని కూర్చున్న మా నాయన ఎండాకాలం మధ్యాహ్నం ఎట్లుండేవాడో రాసినాను. పంతులుగారు దాన్ని తరగతిలో చదివి, ఒకచోట ఆగినాడు.

"'ఉండాది' ఏమిట్రా? తెలుగులో 'ఉన్నది' అంటారు. మీ సీమవాళ్ల నోట్లో తెలుగు లేదు. కంకర ఉంది."

పిల్లలందరూ నవ్వినారు. వాళ్లూ ఇంట్లో 'ఉండాది' అనేవాళ్లే. పంతులుగారు చెడ్డవాడు కాదు. తర్వాత నాకు అచ్చాఫీసులో పని ఇప్పించింది ఆయనే. కానీ ఆ రోజుతో నాలో తెలుగు రెండుగా చీలిపోయింది. నోటితో మాట్లాడేది ఒకటి, చేతితో రాసేది ఇంకొకటి. చేతి తెలుగు బాగా నేర్చుకొన్నాను, సమాసాలతో సహా. ఆ తెలుగులో మా అమ్మ లేదు, మా నాయన లేడు, మగ్గం గుంత లేదు.

పేరు లేని రాత

మా అచ్చాఫీసు యజమాని, పత్రికా సంపాదకుడు కేశవరావుగారు. వకీలు పరీక్ష ప్యాసై, జడ్జి ముందర నోరు పెగలక కోర్టు మానుకొన్న మనిషి. ఈ సంగతి ఆయనే నాతో చెప్పినాడు. పైకి గట్టిగా మాట్లాడేవాడు. కొత్తవాళ్లు ఎవరైనా వస్తే మాత్రం చేతిరుమాలు వేళ్లకు చుట్టుకొంటూ ఉండేవాడు.

ఆ కాలంలో కలిగినవాళ్ల ఇంట్లో పెండ్లి జరిగితే వధూవరులను దీవిస్తూ పద్యాలు రంగు కాగితాల మీద అచ్చువేయించి పందిట్లో పంచేవాళ్లు. పద్యాల కింద పెండ్లికూతురి మేనమామ పేరో, పెండ్లికొడుకు స్నేహితుడి పేరో ఉండేది. రాసేది వాళ్లు కాదు. ప్రూఫులు దిద్దుతూ ఒకసారి ఎవరిదో తప్పిన యతిని నేను సరిచేస్తే కేశవరావుగారు చూసినాడు. ఆనాటినుంచి పెండ్లి పద్యాలు నా పని అయిపోయింది.

నాకు ఏ భయమూ ఉండేది కాదు. పద్యం తర్వాత పద్యం చకచకా వచ్చేవి. ప్రొద్దుటూరులో ఒక పెండ్లికి అచ్చుకాగితాల కట్ట ఇచ్చి రావడానికి నేనే పోయినాను. మేనమామగారు లేచి నిలబడి నా పద్యాలు రాగం తీసి చదివినాడు. పందిరంతా మెచ్చుకొనింది.

"ఏం మామా, ఇంత కవిత్వం ఇన్నాళ్లూ యాడ దాచిపెట్టినావు?" అని ఎవరో అడిగితే ఆయన మీసం దువ్వుకొన్నాడు. నేను చివరి వరసలో తాంబూలం పట్టుకొని కూర్చొని ఉన్నాను. అసూయ పడినానా అంటే, లేదు. చల్లగా, హాయిగా అనిపించింది. మెచ్చుకొంటే ఆయన్ను మెచ్చుకొంటారు, తిడితే ఆయన్ను తిడతారు. నన్ను ఎవరూ చూడడం లేదు.

ఇట్లాంటి కూలి రాత రాయొద్దని నేను చెప్పను. కడుపు నిండాల, చెయ్యి తిరగాల. కానీ అందులో దొరికే హాయి మంచిది కాదు. సాయంత్రం గదికి పోయి నా సొంతానికి ఒక కథ మొదలుపెడితే నాలుగు వాక్యాలకే ముచ్చెమటలు పోసేవి. పొద్దున ఎవరి పేరు మీదో గలగల పారిన చెయ్యి, సాయంత్రం నా పేరు మీద కట్టెలా బిగుసుకొనేది. రాసింది చించేసి, బయటికి పోయి, తెలిసిన మొగం కనపడితే పక్క వీధికి తిరిగేవాణ్ణి. నేనేదో రాస్తున్నానని వాళ్లకు తెలిసిపోతుందేమోనని.

శెట్టిగారి ఇంటామె

రాజంపేటలో గుడ్డల అంగడి నడిపే సుబ్బరామయ్య శెట్టిగారు ఒకరోజు మా ఆఫీసుకు వచ్చినాడు. పెద్దాయన. ఆయన భార్య వెంకమ్మ పోయి సంవత్సరం కావస్తోంది. సంవత్సరీకం నాడు బంధువులకు పంచడానికి ఆమె మీద పద్యాలు కావాలన్నాడు. నేను మామూలుగానే రాసిచ్చినాను. ఆయన వేలు పెట్టుకొని ఒక్కొక్క అక్షరమే చదివి తలెత్తినాడు.

"ఈమె ఎవురప్పా?"

"మీ ఇంటామె గురించే కదా శెట్టిగారూ."

"మృదుభాషిణి అంటే?"

"మెత్తగా మాట్లాడేది."

"మా వెంకమ్మ గొంతెత్తితే బజారు ఆ కొసన గాడిదలు బెదిరేటివి. నువ్వు రాసినామె మంచిదే అయ్యుంటాది గానీ, ఆమెతో నేను కాపురం చెయ్యల్యా."

లోపలి గదిలో కేశవరావుగారు నవ్వడం వినిపించింది. బయటికి వచ్చి, "ఓబులేసూ, నువ్వు ఆయనతో రాజంపేటకు పో. రెండు దినాలుండి రా. ఆయన చెప్పేది విను" అన్నాడు.

పోయినాను. శెట్టిగారు అంగట్లో గుడ్డ కొలిచి చించుతూ, బేరం లేనప్పుడు చెప్పేవాడు. కరువు సంవత్సరంలో వాళ్ల ఇంటి ముందర గంజి పోసేవాళ్లంట. వెంకమ్మ వాకిట్లో కూర్చొని వచ్చిన ప్రతివాణ్ణీ తిట్టేదంట. "నిన్న వచ్చినావు, నేడూ వచ్చినావు, సిగ్గులేదా? రేపు రాకపోతే సూడు, ఇంటికొచ్చి కొడతా" అని. ఆమెకు రైలంటే భయం. ఒక్కసారీ ఎక్కలేదు. ఈయన సరుకుకు మద్రాసు పోయేటప్పుడు స్టేషన్‌దాకా వచ్చేది గానీ, రైలుకు వీపు పెట్టి నిలబడేది. రైలు కదిలినాక ఈయనకు కనిపించేది ఆమె కొప్పే.

రెండో రోజు సాయంత్రం శెట్టిగారు కత్తెర పక్కన పెట్టినాడు.

"ఇంగొకటి ఉండాది అబ్బీ. పోయేముందు ఒక పక్షం దినాలు ఆమె నాతో మాట్లాడల్యా. నేనేం తప్పు చేసినానో నాకు తెలీదు. అడిగినా. గోడవైపు తిరిగి పండుకొన్నది. అట్లనే పాయ."

"అది రాయాల్నా?" అన్నాను.

"నాకు దినామూ గుర్తొచ్చేది అదొకటే. అది ఇడిసిపెట్టి తక్కినవి ఎందుకు?"

ఆయన అంగడి వెనక, గుడ్డల మూటల మధ్య కూర్చొని రాసినాను. పద్యం రాలేదు. చేతి తెలుగుతో మొదలుపెడితే వెంకమ్మ కాగితం మీదికి రానని మొండికేసింది. చివరికి ఆయన ఎట్లా చెప్పినాడో దాదాపు అట్లే, నా నోటి తెలుగులో రాసినాను. పట్టపగలు పరాయి ఇంట్లో దూరినట్టు మాటిమాటికీ వాకిలివైపు చూస్తూనే ఉన్నాను. చదివి వినిపిస్తే శెట్టిగారు చివరి భాగం ఇంకోసారి చదవమన్నాడు. విన్నాడు.

"సరే. కింద నీ పేరు ఎయ్యి."

"నా పేరెందుకు శెట్టిగారూ? అందరూ వాళ్ల పేరే వేసుకొంటారు."

"మా బావమరుదులొచ్చి, ఇట్ల ఎందుకు రాసినావని అడుగుతారు. నాకు జవాబు చెప్పను శాతగాదు, ఏడుపొస్తాది. రాసింది నువ్వు. నువ్వే చెప్పు."

కడపకు వచ్చి, ఏదైనా మారుపేరు వేద్దామని కేశవరావుగారిని బతిమాలినాను. ఆయన చేతిరుమాలు వేళ్లకు చుట్టుకొన్నాడు.

"నేను జడ్జి ముందర నోరు తెరవలేకపోతిని. నీకు నోరు తెరిచే పని గూడా లేదు కదయ్యా. ఊరికే పేరు ఉంటుంది, అంతే" అన్నాడు. వేసేసినాడు.

సంవత్సరీకం నాడు నన్ను రమ్మన్నారు. పోకుండా ఉండే దారి దొరకలేదు. భోజనాలైనాక వెంకమ్మ పెద్ద తమ్ముడు, నెరిసిన మీసాల మనిషి, ఆ కాగితం పట్టుకొని నా దగ్గరికి వచ్చినాడు. నేను లేచి నిలబడినాను.

"మా అక్క కడాన మాట్లాడకుండా ఉండింది అని రాసినావే, అది నిజమేనా?"

"శెట్టిగారే చెప్పినారు."

ఆయన పక్కనున్న అరుగుమీద కూర్చొన్నాడు. "నాతో గూడా మాట్లాడల్యా అప్పా. చూడను వచ్చింటి. మొగం తిప్పుకొన్నది. ఏడాదిగా నా ఒక్కనిమీదే కోపమనుకొంటాండా."

కొంచెంసేపటికి లేచి, పెరట్లో ఉన్న శెట్టిగారి దగ్గరికి పోయినాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకొన్నారో నాకు తెలీదు. నేను రైలుకు వచ్చేసినాను. రైల్లో ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. పెట్టెలో ఎవరూ తెలిసినవాళ్లు లేరు.

సభలో నవ్వు

అంత జరిగినాక భయం పోయి ఉండాల కదా అంటారు. పోలేదు.

ఆ కాగితం ఎట్లనో చేతులు మారి కడపలో ఒక పఠనమందిరానికి చేరింది. అక్కడ నెలకొకసారి సాహిత్య సభ జరిగేది. నేను చివర కూర్చొని వినేవాణ్ణి. ఒక నెల సభలో ఒక పండితుడు, ఆయన పేరు అనవసరం, నేటి గద్యం ఏ గతికి దిగిందో చూపిస్తానంటూ ఆ కాగితం తీసినాడు. నేను ఆ గదిలోనే ఉన్నట్టు ఆయనకు తెలీదు. వెంకమ్మ తిట్లను గొంతు మార్చి చదివినాడు. "గోడవైపు తిరిగి పండుకొన్నది అంట! ఇది గద్యమా, పక్కింటి పుకారా?" అన్నాడు. సభ నవ్వింది. అందరూ నవ్వుతున్నారు కాబట్టి నేనూ నవ్వినాను.

ఒక మాట న్యాయంగా చెప్పాల. ఆయన పట్టిన తప్పుల్లో ఒకటి నిజమే. ఆ చిన్న వ్యాసంలో మూడుచోట్ల 'అయ్యో' అని రాసినాను. శెట్టిగారు ఒక్కసారి గూడా 'అయ్యో' అనలేదు. అది నేను చేర్చింది. ఎగతాళి చేసేవాడి మాటలో నిజం ఎంత, ఎగతాళి ఎంత అని వేరు చేసుకోవడం ఈ పనిలో చాలా అవసరం. కానీ దెబ్బ తగిలిన రోజున అది ఎవరికీ చేతకాదు. నాకు చేతనయ్యేసరికి ఏండ్లు పట్టింది.

మళ్లీ పెండ్లి పద్యాలకు పోయినాను. కేశవరావుగారు రెండు మూడుసార్లు పత్రికకు ఏదైనా రాయమన్నాడు. తీరిక లేదన్నాను. ఆయన నమ్మలేదు, వొత్తిడి పెట్టలేదు. అది ఆయన మంచితనమని అప్పుడనుకొన్నాను. ఇప్పుడు చూస్తే అది ఆయన చేసిన పొరపాటు. భయపడేవాణ్ణి మర్యాద కోసం వదిలిపెడితే వాడు అక్కడే ఉండిపోతాడు.

పండగకు ఊరికి పోయినప్పుడు మా ఇంటామె, లక్ష్మమ్మ, మగ్గం దగ్గర కూర్చొని అడిగింది. ఆమె ఊర్లోనే ఉండి మగ్గం నేసేది. నేను కడపలో గది తీసుకొని ఉండేవాణ్ణి. మా కాపురం అంతా అట్లే జరిగింది.

"శెట్టిగారామె గురించి ఏందో రాసినావంట గదా. ఊర్లో అనుకొంటాండారు."

"రాసినా. చదివి చెప్పేదా?"

"వద్దు." పోగుల మధ్య నాడె నెట్టి, పలక లాగి, మళ్లీ అడిగింది. "నేను పోతే నా గురించి గూడా అట్ల రాస్తావా?"

"రాయొద్దా?"

"రాయొద్దయ్యా. నా బతుకు నాకు చాలు. ఊరందరి నోట్లో ఎందుకు?"

సరే అన్నాను. ఆమె పోయి చాలా కాలమైంది. నేను మాట ఇచ్చినాను కాబట్టి ఆమె గురించి ఇంతకంటే రాయను. ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఒకటి తెలుసుకోవాల. మీకు అందరికంటే దగ్గరివాళ్లు మీరు రాసింది చదవకపోవచ్చు, వినకపోవచ్చు. దానికి వాళ్లను తప్పుపట్టకూడదు.

రామశేషయ్య

ఆ రోజుల్లో నాకు ఉండిన ఒకే స్నేహితుడు రామశేషయ్య. మునిసిపల్ బడిలో ఉపాధ్యాయుడు. సాయంత్రాలు ఇద్దరమూ బుగ్గవంక గట్టున కూర్చొనేవాళ్లం. వంకలో నీళ్లు లేని రోజులే ఎక్కువ. అతను చదివినంత నేను చదవలేదు. ఒక కథ చెప్పి, అది ఎక్కడ కుంటిందో, ఎందుకు కుంటిందో చెప్పేవాడు. అతనూ రాసేవాడు. ఎప్పుడైనా ఒక పేజీ నాకు చదివి వినిపించేవాడు. వేరుశెనగ పీకేవాళ్ల గురించి ఒకటి విన్నాను. అంత మంచి తెలుగు నేను ఇప్పటిదాకా వినలేదు.

"పంపించు రామశేషూ, మా పత్రికకే ఇయ్యి" అంటే తల అడ్డంగా ఊపేవాడు.

"ఇంకా కుదరలేదు. అచ్చయినదానికి తప్పులుంటాయి ఓబులేసూ. అచ్చుకానిదానికి ఏ తప్పూ ఉండదు."

ఆ మాట నాకు ఎంత నచ్చిందో. సభలో నవ్వు విన్న చెవులకు అది మందులాగా ఉండేది. ఇద్దరమూ ఒకరి భయాన్ని ఒకరం మేపుకొంటూ దానికి అభిరుచి అని పేరు పెట్టుకొన్నాం. తప్పు రాయడం కంటే రాయకపోవడమే గొప్ప అనే మాట మీకు ఎవరైనా చెబితే, వాళ్లు ఎంత చదువుకొన్నవాళ్లయినా సరే, అక్కడినుంచి లేచి రండి.

రామశేషయ్యకు జ్వరం వచ్చింది. మొదట మామూలు జ్వరమే అనుకొన్నారు. నేను ఆఫీసు పనిమీద కర్నూలుకు పోయి వచ్చేలోపల పోయినాడు. దినాలైనాక వాళ్లింటికి పోయినాను. అతని భార్య చదువుకోలేదు. చిన్న వయసు, ఇద్దరు పిల్లలు.

"అమ్మా, ఆయన రాసిన కాగితాలు ఉంటే నేను పత్రికలో వేయిస్తాను" అన్నాను.

ఆమె నా మొగం చూసింది. "లేవు కదన్నా. జ్వరం పడినాక ఆయనే అన్నీ తీసి పొయ్యి కాడ ఏయమన్యాడు. వాటితో రెండు పూటలు నీళ్లు కాగినాయి." చిన్నవాణ్ణి చంకకెత్తుకొని, "ఏమన్నా పనికొచ్చేటివా?" అని అడిగింది.

లేదమ్మా అన్నాను. ఇంకేం చెప్పాల?

బుగ్గవంక గట్టుకు పోయి కూర్చొన్నాను. వేరుశెనగ పీకేవాళ్ల కథ మొదటి వాక్యం గుర్తు తెచ్చుకోవాలని చూసినాను. రాలేదు. అది విన్నది లోకంలో నేనొక్కణ్ణే. నాకే గుర్తు లేదు.

రాయచోటి వైపు

నేను మళ్లీ రాయడం మొదలుపెట్టింది ధైర్యం వచ్చి కాదు. ఆ వేడినీళ్లు తలుచుకొని. ఒక భయాన్ని అంతకంటే పెద్ద భయం తోసేసింది. మరునాడు కేశవరావుగారి దగ్గరికి పోయి, ఏదైనా రాసే పని ఇయ్యండి అన్నాను. ఆ సంవత్సరం వానలు మళ్లీ మొగం చాటేసినాయి. "రాయచోటి వైపు పో. చూసింది రాసుకొని రా. పేరు వేస్తాను" అన్నాడు. ఈసారి చేతిరుమాలు జేబులోనే ఉండింది.

గువ్వలచెరువు కనుమ దాటి బస్సు దిగినాక నడకే. కరువు పనికింద రోడ్డుకు కంకర కొట్టే ఆడవాళ్లు వరసగా కూర్చొని ఉన్నారు. చేతిలో కాగితం చూసి ఒకామె అడిగింది.

"ఏం రాస్తాండావు అప్పా?"

"పత్రికలో వేయడానికి అమ్మా. ఈడి సంగతులు."

"రాస్తే వాన వస్తాదా?"

"రాదు."

"మరి ఎందుకు?"

నా దగ్గర జవాబు లేదని చెప్పినాను. ఆమె సుత్తి ఎత్తి మళ్లీ కంకర కొట్టసాగింది. "సరే, రాసుకో. నా పేరు చిన్నక్క. తప్పు రాయొద్దు" అనింది.

ఆ సంభాషణ జరిగింది జరిగినట్టే రాసి పంపినాను. 'అయ్యో' వేయలేదు. అప్పుడు గమనించినాను. కాగితం ముందర కూర్చొన్నప్పుడు నా తెలుగు బాగుందా, పండితులు ఏమంటారు అనే భయం పక్కకు జరిగింది. దాని చోట్లో వేరే భయం వచ్చి కూర్చొనింది. చిన్నక్క చెప్పింది నేను సరిగా విన్నానా, సరిగా రాసినానా అని. మొదటి భయం చెయ్యి కట్టేస్తుంది. రెండోది చెయ్యి పట్టుకొని నడిపిస్తుంది. రాసేవాడికి భయం ఎప్పటికీ పోదు. ఏ భయంతో బతకాలో మనమే చూసుకోవాల.

ఆ కరువు పొడుగునా ప్రతి వారమూ రాసినాను. మెచ్చుకొన్నవాళ్లు కొందరు. సీమ మోటు భాష అన్నవాళ్లు కొందరు. ఊర్లు తిరిగేటప్పుడు సత్రంలోనో రచ్చకట్ట మీదనో ఒంటరిగా పడుకొనేవాణ్ణి. నాలుగు మాటలు రాసుకొన్నాక ఎవరికైనా చదివి వినిపిద్దామని పక్కకు చూస్తే ఎవరూ ఉండేవాళ్లు కాదు. రామశేషయ్య ఉంటే ఎక్కడ కుంటిందో చెప్పేవాడు. ఇప్పుడు నేనే చూసుకోవాల. ఆ ఒంటరితనం ఈ పనితో పాటే వస్తుంది. ఎవరైనా స్నేహితులో, సభలో, సన్మానమో దాన్ని తీరుస్తుందనుకొంటే పొరపాటు.

చిన్న స్టేషన్‌లో

ఆ కరువు ఇంకా నడుస్తుండగానే, కడపకూ రాజంపేటకూ మధ్య ఒక చిన్న స్టేషన్‌లో రైలు కోసం కూర్చొని ఉన్నాను. మధ్యాహ్నం. ఒకాయన మా పత్రిక చదివి వినిపిస్తా ఉంటే నలుగురు చుట్టూ చేరి వింటున్నారు. చదువుతున్నది నేను రాసిందే. చుట్టుపక్కల ఏ ఏ ఊర్లలో బావులు ఎండిపోయినాయో అందులో రాసినాను. ఒక ఊరి పేరు వచ్చేసరికి ఎర్ర తలగుడ్డ చుట్టుకొన్న రైతు చెయ్యి అడ్డం పెట్టినాడు.

"ఆగప్పా. ఆ రాసినోడు మా ఊరికి రానే రాలేదు. మా బాయిలో నీళ్లుండాయి. మా వానికి పిల్లనిస్తామన్నోళ్లు, మీ ఊర్లో బాయిలన్నీ ఎండినాయంట గదా అని ఎనక్కి పోతాండారు. వాడు యాడన్నా కనపడితే అడుగుదామనుకొంటాండా."

ఆయన చెప్పింది నిజం. ఆ ఊరికి నేను పోలేదు. పక్క ఊర్లో ఎవరో చెబితే కలిపి రాసేసినాను. ఆ స్టేషన్‌లో నన్ను ఎరిగినవాళ్లు ఎవరూ లేరు. సంచి తీసుకొని లేచి, ప్లాట్‌ఫారం ఆ కొసకు రెండడుగులు వేసినాను గూడా. పాత కాళ్లు పాత దారి పట్టినాయి. తర్వాత వెనక్కి తిరిగినాను.

"నేనే రాసింది. నా పేరు ఓబులేసు" అన్నాను.

నలుగురూ నా వైపు చూసినారు. తలగుడ్డాయన నన్ను పైనుంచి కిందిదాకా చూసినాడు. కొడతాడేమో అనుకొన్నాను.

"పా, చూస్తువు" అన్నాడు.

ఎండలో ఇద్దరమూ నడిచినాం. ఊరి బయట బావి. లోతు శానా ఉంది, కానీ అడుగున నీళ్లు మెరుస్తున్నాయి. బొక్కెన వేసి తోడి, నా దోసిట్లో పోసినాడు. తాగినాను. కొంచెం ఉప్పగా ఉన్నాయి, చల్లగా ఉన్నాయి.

"నీళ్లేనా?" అన్నాడు.

"నీళ్లే."

"అయితే అట్ల రాయి. కొంచెం ఉప్పగా ఉండాయని గూడా రాయి. లేకపోతే ఆ పిల్ల వచ్చినాక మమ్మల్ని తిడతాది."

తర్వాత తన పనికి పోయినాడు. నేను ఒక్కణ్ణే స్టేషన్‌కు నడిచి వచ్చినాను. నేను ఎక్కాల్సిన రైలు పోయింది. తర్వాతి రైలుకు చాలా సమయం ఉంది. ఆ సంబంధం కుదిరిందని కొన్నాళ్లకు విన్నాను. కానీ ఆ మధ్యాహ్నం నాకు ఆ సంగతి ఇంకా తెలీదు. ప్లాట్‌ఫారం మీద నేను తప్ప ఎవరూ లేరు. సంచిలోనుంచి కాగితం తీసి, పైన నా పేరు రాసుకొని, "పోయిన వారం నేను రాసినదాంట్లో ఒక తప్పు ఉంది" అని మొదలుపెట్టినాను. నా బతుకులో అంత తేలికగా వచ్చిన మొదటి వాక్యం ఇంకొకటి లేదు.